మోకాళ్ల నొప్పికి ‘గ్యారంటీ మందు’: డబ్బు కట్టేముందు పరీక్షించుకునే పద్ధతి

మందు వాడాను, నొప్పి తగ్గింది, కాబట్టి మందువల్లే తగ్గింది. తైలాలు, చూర్ణాలు, రాగి కడియాలు, బెండకాయ నీళ్లు అన్నీ ఈ ఒక్క లెక్క మీదే అమ్ముడవుతున్నాయి. కొన్ని ఆపరేషన్లు కూడా చాలాకాలం ఈ లెక్క మీదే నడిచాయి. కాకి వాలింది, తాటిపండు రాలింది. పండు రాలడానికి కాకే కారణమని చెప్పాలంటే, కాకి వాలని చెట్ల కింద ఎన్ని పండ్లు రాలాయో కూడా చూడాలి కదా. అమ్మేవాళ్లు ఆ రెండో లెక్క చూపించరు. దాన్ని మీరే ఎలా వేసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం. ఉదాహరణకు మోకాళ్ల నొప్పిని తీసుకున్నాం. దీర్ఘకాలంగా వేధించే నడుం, మెడ నొప్పులకూ పద్ధతి ఇదే.

కావలసినవి: ఒక నోటుబుక్కు, ఫోన్లో స్టాప్‌వాచ్, చేతులు లేని గట్టి కుర్చీ, ఇంట్లో సాయపడే మనిషి ఒకరు, ఎనిమిది వారాల ఓపిక (తైలాన్ని పరీక్షించాలంటే ఇంకాస్త ఎక్కువ).

1. ముందు ఇది ఇంట్లో పరీక్షించుకోదగ్గ నొప్పేనా చూడండి

కొన్ని నొప్పుల మీద ఏ ప్రయోగమూ చేయకూడదు. ఒకే కీలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వస్తే కీలులో చీము పడుతూ ఉండవచ్చు. అది గంటల మీద చూడాల్సిన కేసు. నడుంనొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం, కూర్చునే భాగం మొద్దుబారడం, కాలు పట్టుతప్పడం కనబడితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. పడుకున్నా తగ్గక నిద్రలేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, పెద్దవాళ్లు జారిపడ్డాక మొదలైన నొప్పి, ఇవన్నీ డాక్టరు చూడాల్సినవే. ఛాతీలో బిగపట్టి ఎడమచేతికో దవడకో పాకే నొప్పికి బామ్ రాసి, ‘గ్యాస్’ అని సోడా తాగి కూర్చోవద్దు.

పడి ఎముక విరిగిందని అనుమానం ఉంటే, పుత్తూరు కట్టు మీద ఎంత నమ్మకమున్నా ముందు ఎక్స్‌రే తీయించండి. ఎవరు కట్టిన కట్టయినా సరే, కట్టాక వేలిగోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు పాలిపోయినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే ఓర్చుకోలేనంత నొప్పి వచ్చినా కట్టు వెంటనే కోసేసి ఆస్పత్రికి పరుగెత్తాలి. లోపల వాపు పెరిగి రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. తెల్లారేదాకా చూద్దామనుకుంటే కాలు తీసేయాల్సి రావచ్చు.

తర్వాత చూడాల్సింది పొద్దుటి పట్టు. నిద్రలేచాక కీళ్ల బిగువు పావుగంట, అరగంటలో సడలిపోతే అది సాధారణంగా అరుగుదల నొప్పి. గంటకు పైగా ఉండి, రెండు చేతుల వేళ్ల కణుపులూ వాస్తుంటే కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అయ్యే అవకాశం ఉంది. ఈ రెంటినీ ‘వాతం’ అన్న ఒక్క మాటతో కలిపేయడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. కీళ్లవాతంలో మొదటి నెలల్లోనే కీలు దెబ్బతినడం మొదలవుతుంది. మెథోట్రెక్సేట్ లాంటి మందులతో దాన్ని ఆపవచ్చు. ఆ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ నెలలు పసరు మందుతో గడిపేస్తే వంకర తిరిగిన వేళ్లు మళ్లీ తిన్నగా కావు.

నల్లగొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో ఏళ్లతరబడి బోరునీళ్లు తాగినవాళ్లు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా పరీక్ష చేయించుకోవాలి. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయే ఈ జబ్బును 1937లోనే గుర్తించారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగుతూ ఏ తైలం రాసినా ప్రయోజనం లేదు.

2. అమ్మేవాడి మాటను కాగితం మీద రాయండి

వింటున్నప్పుడు గొప్పగా తోచే మాటలు కాగితం మీదికి వచ్చేసరికి పలచబడతాయి. మూడు గళ్లు గీయండి: ఏ జబ్బుకి, ఏది ఎంత మారుతుంది, ఎన్ని రోజుల్లో. ‘వాతదోషం పోతుంది’, ‘రక్తప్రసరణ పెరుగుతుంది’, ‘నరాలకు బలం’ లాంటివి ఈ గళ్లలో ఇమడవు. ‘నాలుగు వారాల్లో మెట్లెక్కేటప్పుడు నొప్పి సగమవుతుంది’ అంటే ఇముడుతుంది. గళ్లు నిండని మాటను పరీక్షించలేం. పరీక్షించలేని మాటకు డబ్బు కట్టకండి.

గళ్లు నిండితే, అది శరీరంలో జరిగే పనేనా అని అడగండి. ఇప్పుడు బాగా తిరుగుతున్న ‘గుజ్జు’ కథ చూద్దాం. బెండకాయ జిగురు, తుమ్మజిగురు తింటే మోకాలి గుజ్జు మళ్లీ పెరుగుతుందంటారు. మోకాలిలో ఎముకల చివర్లను కప్పే మృదులాస్థికి రక్తనాళాలే లేవు, అందుకే అరిగితే పూడటం అంత కష్టం. కీలులోని జారుడు ద్రవాన్ని కీలు లోపలి పొరలోని కణాలు అక్కడికక్కడే తయారుచేస్తాయి. బెండకాయ జిగురు ఒక రకం పీచుపదార్థం. పేగుల్లో బాక్టీరియా దాన్ని తింటుంది, మిగిలింది బయటికి పోతుంది. చూడ్డానికి జిగురూ జిగురూ ఒకేలా ఉన్నాయన్న పోలిక తప్ప పొట్టకీ మోకాలికీ మధ్య ఆ దారి లేదు. బెండకాయ పులుసు హాయిగా తినండి, మోకాలి కోసం మాత్రం కాదు.

హోమియో బిళ్లల మీద 30సి అని ఉంటే అసలు పదార్థాన్ని ఒకటి పక్కన 60 సున్నాలంత పలచన చేశారని అర్థం. 12సి దాటేసరికే అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధనా మండలి అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నీ పరిశీలించి, హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం ఏ జబ్బుకీ లేదని తేల్చింది.

3. ఏ మందూ వాడకపోయినా ఎంత తగ్గేదో తెలుసుకోండి

ఈ అడుగు మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాం, ఎందుకంటే మిగతావన్నీ దీనిమీదే ఆధారపడ్డాయి.

అమెరికాలో 1583 మంది మోకాలి నొప్పి రోగుల మీద కీళ్లనొప్పులకని అమ్మే గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మాత్రలను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల్లో నొప్పి కనీసం 20 శాతం తగ్గినవాళ్లను లెక్కించారు. రెండు మందులూ కలిపి వాడినవాళ్లలో నూటికి 67 మందికి తగ్గింది. ఆ ఒక్క అంకె డబ్బా మీద అచ్చేస్తే ఎవరైనా కొంటారు. అదే పరీక్షలో ప్లాసిబో, అంటే మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కూడా నూటికి 60 మందికి తగ్గింది. మిగిలిన ఆ చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. నొప్పి తీవ్రంగా ఉన్న 354 మందిని మాత్రం విడదీస్తే తేడా పెద్దదిగా కనిపించింది. అమ్మేవాళ్లు చూపించేది ఆ ముక్కనే. కానీ అదే పరిశోధనలో 662 మందిని రెండేళ్లపాటు గమనించినప్పుడు ఉత్తుత్తి మాత్రను మించిన చెప్పుకోదగ్గ మేలు ఏ మందుకూ కనబడలేదు.

ఆ 60 మందికి ఎందుకు తగ్గింది? నొప్పి అలలా వస్తుంది, పోతుంది. మనం మందుకు వెళ్లేది అల శిఖరం మీద ఉన్నప్పుడు. అక్కడి నుంచి ఎటుపోయినా కిందికే. దీనికి తోడు, మందు మొదలుపెట్టినవాళ్లు కాళ్లకు విశ్రాంతి ఇస్తారు, మెట్లు తగ్గిస్తారు, పథ్యం పేరుతో తిండి తగ్గిస్తారు. తగ్గుతుందన్న నమ్మకం కూడా నొప్పిని నిజంగానే కొంత తగ్గిస్తుంది.

అల్లోపతికీ ఇదే కొలత. ఆస్ట్రేలియాలో 1652 మంది తాజా నడుంనొప్పి రోగులకు పారాసిటమాల్ ఇచ్చి చూశారు, ఫలితాలు 2014లో వచ్చాయి. మాత్ర వేసుకున్నవాళ్లలో సగం మంది 17 రోజుల్లో కోలుకున్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు 16 రోజుల్లో. అంటే నడుం పట్టేసినప్పుడు మీరు ఏమి వాడినా, రెండు మూడు వారాల్లో దానికే పేరు వస్తుంది. హ్యూస్టన్‌లో 180 మందికి మోకాలిలో గొట్టం దింపి శుభ్రం చేసే ఆపరేషన్‌ను పరీక్షించారు. కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేశారంతే, లోపల ఏమీ చేయలేదు. రెండేళ్లపాటు గమనించినా అసలు ఆపరేషన్‌కూ ఉత్త గాట్లకూ తేడా లేదని 2002లో ప్రకటించారు.

ఆక్యుపంక్చర్ గురించి జర్మనీలో 1162 మంది నడుంనొప్పి రోగుల మీద చేసిన పరీక్ష మరీ ఆసక్తికరం. అసలు సూదులతో 47.6 శాతం, శాస్త్రంలో లేని చోట్ల పైపైన గుచ్చిన సూదులతో 44.2 శాతం, మామూలు వైద్యంతో 27.4 శాతం మందికి మేలు జరిగింది. కొందరు మొదటి, మూడో అంకెలు మాత్రమే చెబుతారు. మొదటి రెండూ పక్కపక్కన పెడితే తెలిసేది వేరు: సూది ఎక్కడ గుచ్చారన్నదానికి పెద్దగా విలువ లేదు, శ్రద్ధగా ఎవరో చేయి వేసి వైద్యం చేయడానికే విలువ ఉంది. రాగి కడియాలు, అయస్కాంతపు పట్టీల మీద బ్రిటన్‌లో 70 మంది కీళ్లవాతం రోగులతో చేసిన పరీక్ష 2013లో వెలువడింది. ఒక్కొక్కటీ ఐదేసి వారాలు తొడిగించినా నొప్పిలో గానీ వాపులో గానీ తేడా రాలేదు.

కాబట్టి ‘లక్షల మందికి తగ్గింది’ అని ఎవరన్నా మీరు అడగాల్సింది ఒకటే. అది వాడనివాళ్లలో ఎంతమందికి తగ్గింది?

ఎంఆర్ఐ కాగితం చూపించి భయపెట్టేవాళ్ల విషయంలోనూ ఇదే ప్రశ్న. నడుంనొప్పే లేని ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి స్కానింగ్‌లో డిస్కుల అరుగుదల కనిపిస్తుంది. అరుగుదల కనిపించినంత మాత్రాన నొప్పికి కారణం అదేనని చెప్పలేం.

4. డబ్బా చదవండి

అసలు లేబులే లేని పొట్లం, చేత్తో చుట్టిన ఉండలు, రంగుకాగితంలో మడిచిన పొడి అయితే ఇక చదవాల్సిందేమీ లేదు, తీసుకోకండి. లేబుల్ ఉంటే ఇవి వెతకండి: ‘ఆయుర్వేదిక్ మెడిసిన్’ అన్న మాట, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, పదార్థాల పేర్లు, ఒక్కొక్కటి ఎంత ఉందో. వీటి బదులు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉంటే అది చట్టం దృష్టిలో ఆహారం. ఆహారం జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదు.

పదార్థాల్లో వత్సనాభి, విషముష్టి, నల్లజీడి లాంటివి ఉంటే అవి ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఇ(1)లో ఉన్న విషపదార్థాలు. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఆ డబ్బా మీద ఉండాలి. వత్సనాభి సరిగా శుద్ధి కాకపోతే నాలుక, పెదవులు చిమచిమలాడి గుండె లయ తప్పుతుంది. ఆ చిమచిమ తగిలితే మరో మోతాదు వేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

పేరు సరిగా చదవడం కూడా ముఖ్యం. యోగరాజ గుగ్గులు, మహాయోగరాజ గుగ్గులు ఒకటి కాదు. రెండోదాంట్లో సీసంతో చేసే నాగభస్మం, పాదరసంతో చేసే రససిందూరం ఉంటాయి. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే ఐదింట ఒకదాంట్లో సీసమో పాదరసమో ఆర్సెనికో తేలింది. భస్మాలు కలిసిన మందుల్లో అది ఐదింట రెండు. అలాంటి మందు నెలలుగా వాడుతూ కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత వచ్చినవాళ్లు డాక్టరుకు ఆ డబ్బా చూపించి రక్తంలో సీసం పరీక్ష అడగాలి.

డబ్బా మీద గానీ ప్రకటనలో గానీ ‘కీళ్లవాతం పూర్తిగా నయం’ అని ఉంటే అది నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకటనల్లో నయం చేస్తామని చెప్పకూడని జబ్బుల జాబితా ఇచ్చింది, అందులో కీళ్లవాతం ఉంది. మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలో, జరిమానాయో, రెండూనో. ఆ మాట అచ్చేసినవాడు చట్టాన్నే లెక్కచేయనప్పుడు లోపలి పొడి శుభ్రతను లెక్కచేస్తాడని ఎలా నమ్ముతాం?

5. మరీ త్వరగా పనిచేసే మందును అనుమానించండి

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవండి. మూలిక ఏదైనా ఏళ్లనాటి కీళ్లనొప్పిని ఒక్క రోజులో మాయం చేయదు. పొడి వేసుకున్న మర్నాడే మెట్లు దిగగలిగితే, ఆకలి విపరీతంగా పెరిగితే, ఒంట్లో హుషారు వస్తే, ఆ పొడిలో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడో, డైక్లోఫినాక్ లాంటి నొప్పిమాత్రో నూరి కలిపారేమోనని అనుమానించాలి. చాలా చవకగా దొరికే మాత్రలవి. కలిపితే రోగి మళ్లీ మళ్లీ వస్తాడు. కొన్ని ఊళ్లలో నొప్పులకని వేసే ‘రెండు మందులు కలిపిన సూది’లోనూ ఉండేది చాలాసార్లు ఇవే.

కొన్ని వారాలకు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. చూసినవాళ్లు ఒళ్లు చేశావంటారు. మెడ వెనక కొవ్వు చేరుతుంది, చేతులు కాళ్లు సన్నబడతాయి, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది, షుగర్, బీపీ పెరుగుతాయి. ఎముకలు గుల్లబారతాయి. తుంటి ఎముక బంతికి రక్తం అందక అది కుప్పకూలవచ్చు. మోకాలి కోసం వేసుకున్న పొడి తుంటిని తినేస్తుందన్నమాట. నొప్పిమాత్ర కలిసి ఉంటే కడుపులో పుండు పడుతుంది, మలం తారులా నల్లగా వస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక్కడ మంచి మనసుతో చేసే పెద్ద తప్పు ఒకటుంది. అనుమానం రాగానే ఇంట్లోవాళ్లు ఆ పొడి గుంజుకుని పారేస్తారు. మూడు నాలుగు వారాలకు మించి వాడి ఉంటే ఉన్నపళంగా ఆపకూడదు. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు తమ హార్మోన్ తయారీ మానేసి ఉంటాయి. హఠాత్తుగా ఆపితే వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. చేయాల్సింది ఇది: పొడిని డబ్బాతో సహా ఆ రోజో మర్నాడో ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ‘ఇందులో స్టెరాయిడ్ ఉందేమో’ అని మీరే నోరు తెరిచి చెప్పండి. ఉదయం 8 గంటల ప్రాంతంలో తీసే కార్టిసాల్ రక్తపరీక్ష అడగండి. గ్రంథులు నిద్రపోతుంటే అది బాగా తక్కువగా వస్తుంది. అప్పుడు డాక్టరు తెలిసిన మోతాదులో స్టెరాయిడ్ ఇచ్చి మెల్లగా తగ్గిస్తూ ఆపిస్తారు. ఆ మధ్యలో జ్వరమో ఆపరేషనో వస్తే, తను ఫలానా పొడి వాడుతున్నానని రోగి తప్పక చెప్పాలి.

6. నోటుబుక్కులో రెండు వారాలు, ఏ మందూ మార్చకుండా

డబ్బా బాగానే ఉంది, వాడి చూద్దామనుకున్నారు. ఆ రోజే మొదలుపెట్టకండి. రెండు వారాలు ఇప్పుడున్నట్టే ఉండి రాసుకోండి. రాత్రి పడుకునేముందు ఆ రోజు నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె. వేసుకున్న నొప్పిమాత్రలు ఎన్ని. వారానికి రెండుసార్లు, ఒకే సమయంలో, కుర్చీ పరీక్ష: కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్క. తూలేవాళ్ల పక్కన మనిషి ఉండాలి.

ఏ రోజుకారోజు అంకెలు పోల్చకండి, వారం సగటు తీసుకోండి. మందు మొదలుపెట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు ఇదే రాయండి. ఆ కాలంలో కొత్త చెప్పులు, కొత్త వ్యాయామం, కొత్త పథ్యం వద్దు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో బ్రహ్మకు కూడా తెలియదు. సగటు కనీసం 2 పాయింట్లు గానీ మొదటిదాంట్లో 30 శాతం గానీ పడకపోతే ఆ మార్పును లెక్కలోకి తీసుకోకండి. నొప్పి తగ్గినట్టుంది కానీ మాత్రల సంఖ్య పెరిగిందంటే ఆ పేరు మాత్రలదే.

7. తైలమైతే, మీకే తెలియకుండా పరీక్షించుకోండి

మర్దన వల్ల హాయిగా ఉంటుంది. ప్రశ్న ఏమిటంటే, ఆ హాయి వందల రూపాయల తైలానిదా, చేతిదా? మింగే మందులతో ఇది చేయవద్దు, ఒంటికి రాసే నూనెతో మాత్రం ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

సాయపడే మనిషి రెండు ఒకే రకం రంగుసీసాలు తీసుకుని ఒకదాంట్లో 100 మిల్లీలీటర్ల తైలం, రెండోదాంట్లో 100 మిల్లీలీటర్ల మామూలు నువ్వులనూనె పోయాలి. వాసనతో గుర్తుపట్టకుండా రెంటిలోనూ 20 చుక్కల నీలగిరి తైలం కలపాలి. సీసాల మీద అ, ఆ అని రాసి, ఏది ఏదో తన దగ్గరే దాచుకోవాలి. వారాలను జతలుగా విడదీయండి. ప్రతి జతలో మొదటి వారం ఏ సీసానో ఆ మనిషి బొమ్మాబొరుసు వేసి తేల్చాలి, రెండో వారం రెండోది. రోజుకు ఒకసారి చెంచాడు నూనె, పది నిమిషాల మర్దన, వీలైతే ఎప్పుడూ ఒకరే చేయాలి, నూనె వేడి కూడా ఒకేలా ఉండాలి. సాయపడే మనిషి సీసా ఇచ్చి పక్కకు తప్పుకోవాలి. తనే మర్దన చేస్తే చేతిలోనో మాటలోనో తెలిసిపోతుంది.

మూడు జతల్లోనూ ఒకే సీసా గెలిచిందనుకోండి, తొందరపడకండి. తేడా లేని రెండు నూనెలతోనూ తైలం మూడుకు మూడు గెలిచే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఐదు జతలు చేస్తే అది 32లో ఒకటికి పడిపోతుంది. తైలం ఐదుకు ఐదు గెలిస్తే నిశ్చింతగా కొనుక్కోండి. గెలవకపోతే నువ్వులనూనెతో మర్దన కొనసాగించండి, హాయి ఎక్కడికీ పోదు.

బామ్‌ల సంగతి వేరు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన అమృతాంజనం నుంచి నేటి స్ప్రేల దాకా వీటిలో ఉండే మెంథాల్, కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె చర్మం మీద చల్లదనం, మంట పుట్టించి నొప్పి మీద ధ్యాసను కాసేపు మళ్లిస్తాయి. ఆ కాసేపటి మేలు నిజమే. రాసిన చోట హాట్‌బ్యాగ్ పెడితే మాత్రం చర్మం కాలుతుంది. వింటర్‌గ్రీన్ నూనె ఒక్క చెంచాలో దాదాపు 7 గ్రాముల ఆస్పిరిన్‌కు సమానమైన మందు ఉంటుంది, పిల్లలు తాగితే ప్రాణాపాయం. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆ బామ్‌లు విరివిగా రాసుకోకూడదు.

8. పోటీకి నిలబెట్టాల్సింది వీటిని

కొత్త మందును ‘ఏమీ చేయకపోవడం’తో కాకుండా, పరీక్షల్లో నెగ్గినవాటితో పోల్చండి. మోకాలి అరుగుదలకు తొడ కండరాల వ్యాయామం మొదటిది. మేలు అద్భుతమేమీ కాదు, ఒక మోస్తరుగా ఉంటుంది, కానీ దుష్ఫలితాలు చాలా తక్కువ. కుర్చీలో కూర్చుని మోకాలు తిన్నగా చాపి ఐదు సెకన్లు బిగబట్టి మెల్లగా దించండి, కాలికి పదిసార్లు, రోజుకు మూడు విడతలు. రెండో వారం నుంచి కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు కలపండి. చేస్తుంటే కాస్త నొప్పి రావచ్చు. మర్నాటికి పాత స్థాయికి వస్తే సరే, రాకపోతే సగానికి తగ్గించండి. మానేయకండి. చాలామంది రెండో వారంలోనే మానేసి వ్యాయామం పడలేదంటారు. తీర్పు చెప్పడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి.

బరువు ఎక్కువున్నవాళ్లు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నేలమీద బాసిపట్లు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం నొప్పి ఉన్నన్నాళ్లు తగ్గించండి.

డైక్లోఫినాక్ జెల్‌కు మోకాలి నొప్పిలో మంచి ఆధారమే ఉంది. అది పనిచేయలేదనేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు మోతాదులో. 1 శాతం జెల్ పూర్తి మోతాదు ఒక మోకాలికి ఒకసారికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. అంటే 30 గ్రాముల ట్యూబ్ రెండు రోజుల్లో అయిపోతుంది. మీ ట్యూబ్ నెల వస్తోందంటే మీరు రాస్తున్నది శనగగింజంతే. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, ఆస్పిరిన్ పడని ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగే వాడాలి. జెల్ రాస్తూ నొప్పిమాత్రలు కూడా మింగకూడదు.

పసుపు గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. పసుపులో కుర్కుమిన్ నూటికి మూడు పాళ్లే, అదీ పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. ఎక్కించడానికి మిరియాల సారం కలిపిన గాఢమైన మాత్రలు వచ్చాయి. మోకాలి నొప్పికి కొంత మేలు చూపిన చిన్న పరీక్షలు ఉన్నాయి. అలాంటి మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఆపేసి కాలేయ పరీక్ష చేయించాలి. కూరలో పసుపుతో ఆ భయం లేదు.

9. మోసం తేలితే

డబ్బా, మిగిలిన మందు, బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు పంపిన ఫోన్ రసీదు ఒకచోట పెట్టండి. మందు వల్ల ఒంటికి చేటు జరిగితే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉచిత నంబరు 1800 180 3024కు చెప్పవచ్చు. కల్తీ అనుమానం, చట్టవిరుద్ధ ప్రకటన అయితే తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మందు మొత్తం ఇచ్చేయకుండా కొంత మీ దగ్గర ఉంచుకోండి. పొడిని వేరే డబ్బాలోకి మార్చకండి. లేబుల్, బ్యాచ్ నంబరు లేని పొడి ల్యాబ్‌కు వెళ్లినా అది ఎవరు తయారుచేశారో నిరూపించడం కష్టం.